ఫిజియోథెరపీలో ఉన్న మీ వారితో ఎలా మాట్లాడాలి?

(రోగుల బంధువుల కూటమిలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠము)



మన విశాఖపట్నం పోర్టులోను, స్టీలు ప్లాంటులోను, షిప్‌యార్డులోను కష్టపడి పని చేసే మనుషుల ఊరు. అటువంటి మనిషి పక్షవాతంతో మంచం పడితే, కాలూ చేయీ పోయిన బాధ కన్నా "ఇంట్లో నా మాటకు విలువ పోయింది" అన్న బాధ ఎక్కువ. ఫిజియోథెరపిస్టు రోజులో కొద్దిసేపే ఉంటారు. మిగతా సమయమంతా రోగి వినేది మీ మాటలే. అందుచేత ఈ రోజు మాటల గురించే చెప్తాను.

ఒక ఉదాహరణ. స్టీలు ప్లాంటులో పని చేసిన ఒక పెద్దాయనకు కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మెదడులో ఎడమ వైపు దెబ్బ తగిలినవారిలో చాలామందికి ఇలాగే అవుతుంది. చేయి ఎత్తించబోతే ఆయన తోసేసేవారు. ఏమి అడిగినా భార్యే జవాబు చెప్పేది. "నొప్పేమీ లేదు సిస్టరమ్మా, మొండితనం. మొదటినుంచీ ఇంతే" అనేది.

ఒకరోజు ఫిజియోథెరపిస్టు ఆమెను కాసేపు ఆగమని, ఆయన ఎదురుగా కూర్చుని, "అవునంటే నా చేయి ఒకసారి నొక్కండి, కాదంటే రెండుసార్లు నొక్కండి. భుజం నొప్పిగా ఉందా?" అని అడిగారు. ఆయన మంచి చేత్తో ఒకసారి గట్టిగా నొక్కారు. విచారిస్తే తెలిసింది, మంచం మీద నుంచి లేపేటప్పుడు ఇంటివారు ఆ పడిపోయిన చేయి పట్టుకుని లాగుతున్నారు. పక్షవాతం వచ్చిన చేతికి భుజం కీలు వదులవుతుంది. లాగితే దెబ్బ తింటుంది. లేపే పద్ధతి మార్చాక, నొప్పి తగ్గుతున్న కొద్దీ ఆయనే చేయి ముందుకు చాపసాగారు.

మొండితనం అనుకున్నది నొప్పి. పక్షవాతం తరువాత మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ మార్పు వస్తుంది. అందులో కొన్ని రోజులు పోవడం కూడా నష్టమే. మూడు నెలలు దాటినా మెరుగుదల ఉంటుంది గనుక నిరాశపడవద్దు.

ఈ నాలుగు సంగతులు జ్ఞాపకం ఉంచుకోండి.

1. ఆయనతోనే మాట్లాడండి. మాట పోయినంత మాత్రాన తెలివి పోదు. మంచం పక్కన నిలబడి "ఇంక లేవడేమో" అని గుసగుసలాడకండి. నిన్నటిదాకా "నాన్నగారూ" అని పిలిచినవారిని నేడూ అలాగే పిలవండి. పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడవద్దు.

2. ఒకసారికి ఒక్క ప్రశ్న. టీవీ కట్టేయండి. అవును, కాదు అని జవాబు చెప్పగల చిన్న ప్రశ్న అడగండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. ఆయన బదులు మీరు చెప్పేయకండి.

3. నొప్పిని లెక్కలో అడగండి. ఏమీ లేకపోతే 0, భరించలేకపోతే 10. మాట రాకపోతే వేళ్ళు చూపిస్తారు. కండరం సాగినట్టుండడం వేరు, పొడిచినట్టుండడం వేరు. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం, పిక్క వాచి నొప్పెట్టడం ఉంటే వ్యాయామం ఆపి వెంటనే మాకు చెప్పండి.

4. ఎక్కడికి నడవాలో ఆయన్నే అడగండి. పోర్టు దగ్గర కొండల మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇస్‌హాక్ మదీనా దర్గా, రాస్ హిల్ మరియమాత చర్చి ఉన్నాయి. ఎవరి మొక్కు వారిది. డిసెంబరు 8న రాస్ హిల్ పండుగకు వెళ్ళాలని ఆయనకుంటే, ఈ వారం మంచం నుంచి కుర్చీకి, వచ్చే వారం కుర్చీ నుంచి గుమ్మానికి. "నిన్న నాలుగు అడుగులు వేశారు, ఇవాళ ఆరు" అని చెప్పండి. పక్క మంచం వారితో పోల్చకండి. "నెలలో పరుగెడతారు" అని మాట ఇవ్వకండి.

రోగి తన సంగతి తానే నిర్ణయించుకుంటే ఎంత జరుగుతుందో చెప్పడానికి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్ మేరీ వర్గీస్ గారే సాక్ష్యం. 1954లో జరిగిన ప్రమాదంలో ఆమె కాళ్ళు రెండూ పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తనవంటి వారి కోసం 1966లో అక్కడ ప్రారంభమైన పునరావాస కేంద్రానికి ఆమే నాయకురాలు.

యోహాను సువార్త 5వ అధ్యాయంలో 38 ఏళ్ళుగా పడి ఉన్న ఒక రోగి కనిపిస్తాడు. యేసు ప్రభువు అతన్ని లేవమనడానికి ముందు, బాగుపడాలని ఉందా అని అడిగారు. అతడు తన కష్టం చెప్పుకుంటే విన్నారు. ఆ తరువాతే లేవమన్నారు. మనమూ ఆ వరుసే పాటిద్దాం.

ఈ సాయంత్రం మీ వారి చేయి పట్టుకునే ముందు, ఎలా పట్టుకోమంటారో ఆయన్నే అడగండి. జవాబు వచ్చేవరకు ఆగండి. దేవుడు మీ రోగిని, మిమ్మును దీవించును గాక.