స్టేషన్ కెమెరాలో ఏముందో అడగండి

ఇంట్లో కుర్రాణ్ని విచారణకని పోలీసులు తీసుకెళ్తే, మనం ముందు పరిగెత్తేది తెలిసిన పెద్దమనిషి దగ్గరికి. వెళ్లండి, తప్పులేదు. బయల్దేరే ముందు మాత్రం ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కణ్ణుంచి తీసుకెళ్లారో ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. అది తర్వాత అక్కరకొస్తుంది.

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు ఉండాలంది. గేటు, లాకప్, వరండా, చివరికి సీఐ, ఎస్సైల గదులు కూడా. బొమ్మతోపాటు మాటా రికార్డు కావాలి. దాన్ని 18 నెలలు దాచాలి, పరికరాల ఇబ్బంది ఉన్నా ఏడాదికి తగ్గకూడదు.

దాచాలని అంత గట్టిగా ఎందుకు చెప్పాలి? ఆ ఏడాది జూన్‌లోనే తమిళనాడు సాత్తాన్‌కుళంలో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుకునే తండ్రీకొడుకులు కస్టడీలో దెబ్బలు తిని చనిపోయారు. స్టేషన్‌లో కెమెరాలున్నాయి, డిస్కులో చోటూ ఉంది. రికార్డు మాత్రం ఏ రోజుది ఆ రోజే చెరిగిపోయేలా పెట్టారు. విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు చూసి బయటపెట్టిన సంగతిది. దీనికన్నా అసలు కెమెరా లేకపోవడమే నయం, కనీసం ఉందన్న భ్రమ ఉండదు.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు కదా, ఇదంతా ఎందుకంటారు కొందరు. చెల్లదు, నిజమే. కానీ నిందితుడు చెప్పిన చోట కత్తో, నగలో దొరికితే ఆ మేరకు అతని మాట సాక్ష్యమవుతుంది. ఆ మాట ఎలా రప్పించారో తెలిసేదెలా? 2024 జులై 1న అమల్లోకొచ్చిన నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సోదాలకు వీడియో తప్పనిసరి చేసి, వాంగ్మూలాల రికార్డింగును పోలీసుల ఇష్టానికి వదిలేసింది. నన్నడిగితే, మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా రికార్డు చేయాల్సిందే. కొట్టారని అబద్ధపు ఆరోపణ వస్తే ఎస్సైగారిని కాపాడేదీ అదే.

చట్టం మారేదాకా ఉన్నదాన్ని వాడుకోండి. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకురావాలి. దెబ్బలుంటే అక్కడే చూపించమని మీవాడికి చెప్పండి. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫుటేజీ భద్రపరచాలని వకీలు చేత అర్జీ పెట్టించండి. ఎస్పీ ఆఫీసులోనూ ఒకటిచ్చి రసీదు తీసుకోండి. కెమెరా పాడైందంటారా? సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ సంగతి స్టేషన్ అధికారి వెంటనే ఈ కెమెరాల జిల్లా పర్యవేక్షణ కమిటీకి తెలపాలి. పాడై ఉన్న రోజుల్లో ఎవరిని అరెస్టు చేశారో, ఎవరిని ప్రశ్నించారో ఆ వివరాలూ పంపాలి. పంపిన కాగితం చూపించమనండి.