పార్క్ అవెన్యూలో 52 అంతస్తులు

ఈ వారం ఒక భవనం సంగతి చెప్తాను. మిడ్‌టౌన్‌లో పనిచేసిన మనవాళ్ళు చాలామంది దాని ముందు నుంచి నడిచే ఉంటారు.

270 పార్క్ అవెన్యూ, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి కూతవేటు దూరం. 1960లో యూనియన్ కార్బైడ్ కంపెనీ అక్కడ తన హెడ్డాఫీసు కట్టుకుంది. 52 అంతస్తులు, 707 అడుగులు. పేరు గుర్తుపట్టారుగా, ఆ భోపాల్ కార్బైడే. 1969లో భోపాల్ ఫ్యాక్టరీ మొదలైనప్పుడు కంపెనీ చిరునామా ఇదే.

డిజైన్ అనగానే గోర్డన్ బన్‌షాఫ్ట్ పేరు చెప్పేవారు. కానీ అందులో పెద్ద చెయ్యి నటాలీ డి బ్లాయిస్ అనే ఆవిడది. ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేరు పైకి వచ్చేది కాదు లెండి. ఇంకో తమాషా ఏమిటంటే, కింద రైలు పట్టాలుండడంతో లిఫ్టులకి గొయ్యి తవ్వే చోటు లేదు. అందుకని లిఫ్టులు రెండో అంతస్తు నుంచి మొదలయ్యేవి, జనం అక్కడిదాకా ఎస్కలేటర్ మీద వెళ్ళేవారు.

1978లో కార్బైడ్ దీన్ని ఒక బ్యాంకుకి అమ్మేసి, తర్వాత కనెక్టికట్‌లోని డాన్‌బరీకి వెళ్ళిపోయింది. 1984 డిసెంబరులో భోపాల్‌లో గ్యాస్ లీకయ్యేనాటికి ఆఫీసు అక్కడే. ఇక్కడ బ్యాంకులు ఒకదాన్నొకటి మింగుతూ పోగా, భవనం చివరికి జేపీ మోర్గాన్ చేజ్‌ది అయింది.

వాళ్ళు బోలెడు ఖర్చుపెట్టి బాగుచేయించి, పర్యావరణానికి మంచిదని లీడ్ ప్లాటినం సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నారు. పదేళ్ళు తిరక్కుండానే, 2018లో, కూల్చేస్తామన్నారు! 3,500 మంది కోసం కట్టినదాంట్లో 6,000 మంది ఇరుక్కుని కూర్చున్నారు, నిజమే. 2017లో ఆ ప్రాంతపు రూల్సు మారి, ఇంకా ఎత్తు కట్టుకునే వీలూ వచ్చింది. అయినా నాకు మింగుడుపడలేదు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ నిన్న అప్‌గ్రేడ్ చేసింది ఇవాళ పారేస్తారు, కానీ అక్కడ పోయేది కోడే, ఉక్కూ కాంక్రీటూ కాదు.

2019లో మొదలుపెట్టి 2021కల్లా నేలమట్టం చేశారు. సొంతదారు కావాలని కూల్పించిన వాటిలో అప్పటికి ఇదే అన్నిటికన్నా ఎత్తైనది. అంతకుముందు ఆ రికార్డు 1968లో పడగొట్టిన 612 అడుగుల సింగర్ భవనానిది, మన కుట్టుమిషన్ల సింగరే. ఇప్పుడక్కడ 1,388 అడుగుల కొత్త టవరుంది, 2025 అక్టోబరులో తెరిచారు.

భోపాల్ ఫ్యాక్టరీ గోదాములో మిగిలిన 337 టన్నుల విషపు చెత్త మాత్రం 2025 జనవరిలో గానీ అక్కణ్ణించి కదల్లేదు.