ఉండా, బిళ్ళా, గొట్టమా?

(వసంత పంచమి నాడు మన ఆలయంలో సామూహిక అక్షరాభ్యాసం అయ్యాక, చిన్నపిల్లల తల్లిదండ్రులకీ, వారి అమ్మమ్మ తాతయ్యలకీ చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్యులు అడిగినందున ఇక్కడ ఇస్తున్నాం.)

పళ్ళెంలో ఉండాల్సిన బియ్యం సగం పిల్లల జుట్టులో ఉంది, రెండు పలకలు అప్పుడే విరిగాయి. అంటే కార్యక్రమం సవ్యంగా జరిగినట్టే. ప్రసాదానికి ఇంకా కాస్త సమయం పడుతుందని వంటశాల నుంచి కబురొచ్చింది. అందాకా నన్ను భరించండి.

అక్షరాల గురించి నేనేం మాట్లాడను. వాటి మీద మీ అందరికీ శ్రద్ధ ఉంది, కొందరికి కాస్త ఎక్కువే ఉంది. నేను ఈ ఊళ్ళో ఇరవై రెండేళ్ళు ప్రీస్కూల్లోనూ, కిండర్‌గార్టెన్‌లోనూ పనిచేసి రిటైరయ్యాను. ఆ ఇరవై రెండేళ్ళలో మన పిల్లల దగ్గర మళ్ళీ మళ్ళీ చూసిన ఒక చిన్న సంగతి చెబుతాను.

నాలుగేళ్ళ పిల్ల. వంద దాకా గబగబా లెక్కపెడుతుంది. కార్డు మీద హెక్సగాన్ చూపిస్తే పేరు చెబుతుంది, ఆక్టగాన్ కూడా చెబుతుంది. వెనకాల అమ్మానాన్నల ముఖాలు వెలిగిపోతుంటాయి. అప్పుడు ఆ పిల్ల చేతిలో బంతి పెట్టి, ఇదేమిటమ్మా అని అడుగుతాను. "సర్కిల్." చెక్క దిమ్మ పెడితే "స్క్వేర్." పుట్టినరోజు టోపీ చూపిస్తే "ట్రయాంగిల్."

పిల్ల తప్పేమీ లేదండీ. దానికి ఆకారాలు నేర్పింది కాగితం మీద, ఐప్యాడ్ మీద. అక్కడ బంతి నిజంగానే సర్కిల్. అద్దం మీద వేలు జరిపితే ఏ దిమ్మకైనా వెనక వైపు ఉండదు కదా. తను చూసింది తను చెప్పింది.

ఇక్కడ చాలా రాష్ట్రాల బడులు 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలనో, వాటిని కాస్త మార్చుకున్న వాటినో పాటిస్తాయి. అందులో కిండర్‌గార్టెన్ పిల్లలు బల్లపరుపుగా ఉండే ఆకారాలతో పాటు ఘనం, గోళం, స్తూపం, శంకువు కూడా గుర్తుపట్టాలి. ఏది చదునైనది, ఏది ఘనాకారం అన్నది విడదీసి చెప్పాలి. చిన్నదైనా పెద్దదైనా, నిలబెట్టినా పడుకోబెట్టినా అదే పేరుతో పిలవగలగాలి. ఇదంతా ఐదేళ్ళ పిల్లల పనే. కానీ దీనికి ఫ్లాష్‌కార్డులు కొనమని నేను చెప్పబోవడం లేదు. కొన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

1997లో మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చింది. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. నేనింకా టీచర్ని కాదు, ఒక ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే పిల్లాడు తికమకపడతాడని ఎవరో చెప్పారు, నేను నమ్మేశాను. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాడు వంటింట్లో నేలమీద కూర్చుని చపాతీ పిండితో ఆడుతున్నాడు. అమ్మ అడుగుతోంది, "ఇది ఉండా, బిళ్ళా?" వాడు అరచేత్తో ఒత్తి, "ఇప్పుడు బిళ్ళ" అంటున్నాడు. మళ్ళీ ముద్ద చేసి, "ఇప్పుడు ఉండ." ఒళ్ళంతా పిండి, గచ్చంతా పిండి.

నాకు చిరాకేసింది. "అమ్మా, వాడికి షేప్స్ నేర్పాలి, నువ్వు ఈ మాటలు చెప్పి కన్ఫ్యూజ్ చెయ్యకు" అన్నాను. వాణ్ణి లేపి, చేతులు కడిగి, కార్డుల ముందు కూర్చోబెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. మిగిలిన నెలలు వాడు వంటింట్లోకి వస్తే, "మీ అమ్మ పిలుస్తోంది, పోరా" అని పంపించేసేది. మరుసటి ఏడు కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడు టీచరు వాడి చేతికి చెక్క దిమ్మ ఇచ్చింది. వాడేమన్నాడో మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

తరవాత ఎన్నాళ్ళకో నేను టీచర్ ట్రైనింగులో చేరినప్పుడు ఫ్రోబెల్ గురించి చదివాను. కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టినాయన ఆయనే. 1837లో జర్మనీలో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టాడు. ఆయన పిల్లలకి వరసగా కొన్ని ఆటవస్తువులు ఇచ్చేవాడు, వాటిని బహుమతులు అనేవాడు. మొదటి బహుమతి మెత్తటి ఊలు బంతులు. రెండోది చెక్కతో చేసిన మూడు వస్తువులు: ఒక గోళం, ఒక ఘనం, ఒక స్తూపం. వాటిని దారానికి వేలాడదీసి గిరగిర తిప్పేవారు. ఘనం వేగంగా తిరుగుతుంటే కంటికి స్తూపంలా కనిపిస్తుంది! బల్లపరుపు ఆకారాల పలకలు ఆ తరవాతి బహుమతుల్లో వస్తాయి. ముందు చేతికి నిండుగా దొరికే వస్తువు, తరవాత దాని ముఖం, ఆ తరవాతే గీత. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం.

మరియా మాంటిసోరి గారి పేరు మీరంతా విన్నదే. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆవిడ బడుల్లో నీలిరంగు వేసిన చెక్క ఆకారాలుంటాయి. పిల్లలు కళ్ళు మూసుకుని, చేత్తో తడిమి వాటి పేరు చెబుతారు.

ఇదంతా చదువుతుంటే నాకు మా వంటింటి గచ్చు గుర్తొచ్చింది. ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. "అమ్మా, ఆ రోజు నువ్వు చేసిందే రైటట, పుస్తకాల్లో రాశారు" అన్నాను. "ఆ మాత్రం తెలీకుండానే నిన్ను పెంచానా? ఫోన్ బిల్లు అవుతుంది, పెట్టెయ్" అంది.

మా అమ్మ అడిగిన ఆ ప్రశ్న మళ్ళీ ఒకసారి వినండి. ఉండా, బిళ్ళా? ఇంగ్లీషులో రెండింటినీ రౌండ్ అనేస్తాం. తెలుగులో కూడా గుండ్రం అంటే రెంటికీ సరిపోతుంది. కానీ మన వంటింటి తెలుగు అంతటితో ఆగదు. సున్నుండ, ఉండ్రాళ్ళు: ఇవి అన్ని వైపులా గుండ్రం. కర్పూరం బిళ్ళ, పాలకోవా బిళ్ళ: చదునుగా ఉండి, చుట్టూ గుండ్రం. లోపల బోలుగా పొడుగ్గా ఉంటే గొట్టం. బండి మీద బఠాణీలు పోసిచ్చే మొనదేలిన కాగితం, పొట్లం. ఆరు వైపులా మూసి ఉంటే పెట్టె. గోళం, స్తూపం, శంకువు, ఘనం అన్నవి లెక్కల పుస్తకం పేర్లు. అవి తరవాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ఇంగ్లీషు పేర్లు బడిలో వారం రోజుల్లో వచ్చేస్తాయి. తేడా తెలియడం ముందు. ఆ తేడా చెప్పే మాటలు వెనక వరసలో కూర్చున్న అమ్మమ్మలకీ నానమ్మలకీ నోటి చివరే ఉన్నాయి. నాకు ఇంగ్లీషు రాదు, నేనేం నేర్పుతాను అని దయచేసి అనకండి. అమ్మానాన్నలు అడ్డం రాకండి. నేను వచ్చాను కాబట్టి చెబుతున్నాను.

(ఒక మాట. స్తూపం అనగానే మనకి అమరావతి గుర్తొస్తుంది. అక్కడి స్తూపం పైభాగం ఒకప్పుడు బోర్లించిన గిన్నెలా అర్ధగోళంగా ఉండేది. లెక్కల పుస్తకంలో స్తూపం ఓట్స్ డబ్బా లాంటిది. తాతగార్లు ఈ విషయమై మనవళ్ళతో గొడవ పెట్టుకోవద్దు.)

ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. చపాతీలు చేసే రోజు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఉండ చేయించండి. అప్పడాల కర్రతో ఒత్తనివ్వండి. ఉండ పోయి వృత్తం లాంటిది వచ్చింది. అమెరికా పటంలా వచ్చినా ఫరవాలేదు. కాల్చినవి ఒకదాని మీద ఒకటి పేర్చండి. పన్నెండు చపాతీల దొంతర అయ్యేసరికి అది డబ్బా ఆకారానికి వచ్చేస్తుంది. పైనుంచి చూస్తే గుండ్రం, పక్కనుంచి చూస్తే నలుచదరం. నాణేలతో కూడా ఇదే చేయొచ్చు. మా క్లాసులో ఒక పిల్లాడు ఒక్క నాణెం పట్టుకుని, ఇది కూడా పొట్టి డబ్బాయే కదా అన్నాడు. నేను ఆ రోజు ఇంక పాఠం చెప్పలేదు, వాణ్ణి పక్కవాళ్ళకి వివరించమన్నాను.

ఇప్పుడు బతుకమ్మని తలుచుకోండి. ఏటా ఈ హాల్లోనే పేరుస్తాం. తంగేడు, గునుగు ఇక్కడ దొరక్క చేమంతులతో సరిపెట్టుకుంటున్నాం. వరస మీద వరస గుండ్రంగానే పేరుస్తాం, కానీ ప్రతి వరస కిందిదానికంటే కొంచెం చిన్నది. అందుకే చపాతీల దొంతర డబ్బా అయింది, బతుకమ్మ పైకి మొనదేలింది. ఈసారి పేర్చేటప్పుడు పిల్లల్ని ఫొటోలకే పిలవకుండా ఒక వరస వాళ్ళ చేత పెట్టించండి. అన్ని వరసలూ ఒకేలా పెడితే ఏమవుతుందని అడగండి.

రెండో పని, చపాతీ పీటని ఒక పక్క పుస్తకం పెట్టి ఏటవాలుగా ఉంచి వస్తువులు వదలడం. బంతి ఎటు పెట్టినా దొర్లుతుంది. డబ్బా పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే జారుతుంది, లేదా నిలిచిపోతుంది. అగ్గిపెట్టె దొర్లదు. పార్టీ టోపీ తిన్నగా కిందకి రాదు, పక్కకి తిరిగిపోతుంది. నేలమీద తోస్తే తన మొన చుట్టూ తనే ప్రదక్షిణం చేస్తుంది. పిల్లలు దీన్ని ఇరవై సార్లు చేయిస్తారు, ఓపిక పట్టండి. దొర్లుతుందా, జారుతుందా, మీద ఇంకోటి నిలుస్తుందా అన్న ఈ మూడు ప్రశ్నల్లోనే ఆ ఆకారాల గుణమంతా ఉంది. పెన్సిల్ కూడా వదిలి చూడండి. దొర్లుతుంది గానీ టకటక చప్పుడు చేస్తూ దొర్లుతుంది. ఎందుకో వాళ్ళ వేలితో తడమనివ్వండి.

సీరియల్ పెట్టె ఖాళీ అయితే పారేయకండి. అతుకుల దగ్గర విప్పి నేలమీద పరవండి. అతికించడానికి వదిలిన మడతలు పక్కనపెడితే ఆరు దీర్ఘచతురస్రాలు కనబడతాయి. మళ్ళీ మడిస్తే పెట్టె. చదునైన కాగితం కళ్ళముందే పెట్టె అవడం పిల్లలకి గారడీలా ఉంటుంది. దుబాయ్ మీదుగా వచ్చే తాతగార్లు తెచ్చే టాబ్లరోన్ చాక్లెట్ అట్టపెట్టె కూడా విప్పండి. దాని రెండు చివర్లా త్రిభుజాలున్నాయి, మధ్యలో మూడు పొడుగు పట్టీలు. చాక్లెట్ తినేశాకే సుమా.

గుళ్ళో కూడా చూడాల్సినవి చాలా ఉన్నాయి, కానీ తొందరపడి పేర్లు పెట్టొద్దు. కొబ్బరికాయ గోళమా? దొర్లించి చూడమనండి, వంకరగా పోతుంది. అది గుడ్డు జాతి. ధ్వజస్తంభం పొడుగాటి డబ్బా లాంటిది, పీఠం మాత్రం నలుచదరం. పూజలో పసుపుతో చేసే గణపతి మొనదేలి ఉంటాడు. గోపురాన్ని చాలామంది పిరమిడ్ అనేస్తారు. మన గోపురం చూడండి, పైన మొన లేదు, గూడుబండి గూడులా అడ్డంగా పడుకున్న సగం గొట్టం ఉంది, దాని మీద వరసగా కలశాలు. ఇది పిరమిడ్ ఎందుకు కాదో ఐదేళ్ళ పిల్ల చెప్పగలిగితే, పిరమిడ్ అంటే ఏమిటో దానికి తెలిసినట్టే. నిజ జీవితంలో వస్తువులు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఉండవు. ఆ వాదన జరగనివ్వండి.

ఇక పిల్ల బంతిని సర్కిల్ అన్నప్పుడు "రాంగ్" అనకండి. అవును, గుండ్రంగానే ఉంది, మరి ఈ ప్లేటు కూడా అంతేనా, రెండూ పట్టుకుని చూడు అనండి. ఫోన్‌లో టార్చి వేసి గోడ మీద నీడ చూపించండి. బంతి నీడ నిజంగా సర్కిలే, పిల్ల మాటలో కొంత నిజం ఉందని అప్పుడు మీకూ తెలుస్తుంది. డబ్బా నీడ ఒకసారి గుండ్రంగా, ఇంకోసారి నలుచదరంగా పడుతుంది.

మూడేళ్ళలోపు పిల్లలకి గోళీలు, నాణేలు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకి పెద్ద డబ్బాలు, బంతులు చాలు.

మొన్న మా అబ్బాయి ఫోన్ చేశాడు. వాడికిప్పుడు మూడేళ్ళ కూతురుంది. "అమ్మా, అమ్మమ్మ చపాతీ పిండితో ఏదో అడిగేది, ఏమిటది?" అన్నాడు. చెప్పాను. వెనకాల ఆ పిల్ల "ఉండ, ఉండ" అని అరుస్తోంది, ఏదో కింద పడిన చప్పుడు కూడా వినిపించింది.

లోపల్నుంచి సైగ చేస్తున్నారు, రవ్వలడ్డు వచ్చేసిందట. చివరిగా ఒక్క విషయం. వచ్చే ఆదివారం పదకొండింటికి కింది అంతస్తులో పిల్లల గదిలో సంచీ ఆట ఆడిద్దాం. ఒక్కో కుటుంబం పాత దిండు గలీబు ఒకటి, అందులో ఇంట్లోంచి ఐదు వస్తువులు వేసుకుని రండి. గాజువీ, పదునైనవీ వద్దు. పిల్ల చెయ్యి లోపల పెట్టి, చూడకుండా తడిమి, ఏమిటో చెప్పాలి. ఏ భాషలో చెప్పినా సరే. అమ్మమ్మ తాతయ్యల కోసం కుర్చీలు వేయించమని చెప్పాను, వాళ్ళని ఇంట్లో వదిలి రాకండి.