రామసేతు దరి పిట్ట

పక్షుల మీద ఉపన్యాసం అనగానే ఏ నెమలో, ఫ్లెమింగోనో చూపిస్తానని వచ్చినవాళ్లు క్షమించాలి. నేను చెప్పబోయేది పిచ్చుకంత పిట్ట గురించి.

పేరు హనుమాన్ ప్లవర్. శ్రీలంకలోనూ, దక్షిణ భారత తీరంలోనూ ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని 1915లోనే వర్ణించారు. అయితే కెంటిష్ ప్లవర్ అనే పిట్టలోనే ఒక రకం అనేసి పక్కన పెట్టారు. 2023లో జన్యువులు పోల్చి చూశాక గానీ వేరే జాతి అని తేలలేదు. కెంటిష్ కంటే దీని రెక్కలు, ముక్కు, తోక కాస్త పొట్టివి. రామసేతు చుట్టుపక్కల తిరిగే పిట్ట కనుక ఆంజనేయుడి పేరు పెట్టారు. కెంటిష్ ప్లవర్లు చలికాలంలో ఉత్తరం నుంచి మన తీరాలకు వలస వస్తాయి. ఇది మాత్రం ఉన్నచోటే ఉండి పిల్లల్ని చేసుకుంటుంది.

ప్లవర్లన్నిటిదీ ఒకటే నడక. గబగబా పరుగెత్తి, టక్కున ఆగి, చూసి, పొడుస్తాయి. ఉల్లంకి పిట్టలు పొడుగు ముక్కుతో బురద తడుముకుంటాయి. ప్లవర్లకు కళ్లే ఆధారం. అందుకే అవి అంత పెద్దవి.

ఇక గూడు. ఇసుకలో చిన్న గుంట, అంతే! గుడ్లదీ ఇసుక రంగే, పైన నల్లమచ్చలు. కాలి కింద పడేదాకా కనబడవు. ఎండ మండిపోతుంటే కెంటిష్ ప్లవర్ నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మన తీతువు పిట్టా ఇలాగే చేస్తుంది. రెండూ ఒకే కుటుంబం. అరిస్తే అశుభమని తీతువును తిట్టుకుంటాం గానీ, పాపం, అది అరిచేది చాలాసార్లు మనం దాని గుడ్ల దగ్గరికి వెళ్లినందుకే.

కెంటిష్ ప్లవర్ల సంసారం కూడా విచిత్రమే. పిల్లలు పుట్టాక చాలాసార్లు తల్లి ఇంకో జోడును వెతుక్కుంటూ వెళ్లిపోతుంది, తండ్రే పెంచుతాడు. ముందు వరసలో ఆడవాళ్లు నవ్వుతున్నారు, నవ్వండి! పిల్లలకు మేత తెచ్చి నోట్లో పెట్టే పని లేదు, పుట్టిన కొన్ని గంటలకే అవే ఏరుకు తింటాయి. తండ్రి కాపలా కాస్తాడు, చలేస్తే పొట్ట కింద పొదువుకుంటాడు.

ఇసుకలో మీ ముందు ఓ పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోతే జాలిపడి వెంటపడకండి. అది నాటకం. గుడ్లో పిల్లలో మీ పాదాల దగ్గరే ఉన్నాయన్నమాట. అక్కడే ఆగి, కిందికి చూసుకుంటూ, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి. వెంట కుక్క ఉంటే ముందు దాన్ని పట్టుకోండి.