చిన్న సొట్టకు భీమా సొమ్ము కోరవలయునా?

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, విద్యార్థి వేతనముల నిధిని గూర్చియు మాకు ముందు పెద్దలు ప్రసంగించిరి. మాకొసంగిన విషయము వానితో పోల్చిన చాల చిన్నది. కారునకు సొట్ట పడినపుడు భీమా కంపెనీని సొమ్మడుగవలయునా, మన చేతి సొమ్ముతోనే బాగుచేయించుకొనవలయునా యనునదే యా విషయము. ఐనను నేడు మన కుటుంబములలో పెక్కింటికి కారు కలదు. ఇరుకు సందులో నెన్నడును గోడకు రాచుకొనని కారు అరుదు. గీత పడిన మరునాడు ఇంటి యజమాని షెడ్డువాని మాటయో, పొరుగువాని మాటయో విని నిశ్చయించుచున్నాడే గాని కాగితము తీసి లెక్క వేయుట లేదు. “ఏటేట ప్రీమియము కట్టుచున్నాము గదా, ఊరక పోనిచ్చుటేల?” యని యొకరందురు. “కంపెనీవారితో మనకేల పేచీ?” యని మరియొకరందురు. ఈ రెండును ఉద్రేకముచే బుట్టిన మాటలే గాని లెక్కలు గావు.

మొదట పాలసీ స్వరూపము నెఱుగవలయును. అందు రెండు భాగములు గలవు. మన కారువలన ఇతరులకు గలుగు హానికి సంబంధించినది మొదటిది. ఇది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ననుసరించి తప్పనిసరి. మన కారునకే గలుగు నష్టమునకు సంబంధించినది రెండవది. ఇది మన యిచ్ఛపై నాధారపడినది. నేటి ప్రశ్న యీ రెండవ భాగమునకు జెందినది.

నష్టము కలిగినపుడు కంపెనీవారు బిల్లు మొత్తము నిత్తురని పలువురు తలంతురు. అది నిజము గాదు. 1500 సీసీ వఱకు గల సొంతకారునకు ప్రతి క్లెయిములోను మొదటి రూ. 1,000లు, అంతకు మించిన యింజను గలదానికి రూ. 2,000లు యజమానియే భరింపవలయును. ప్లాస్టికు, రబ్బరు, నైలాను వస్తువులను క్రొత్తవి వేసినచో వాని వెలలో సగమే వచ్చును. బంపరు ప్లాస్టికుది గావున, సామాన్యముగ మొదట తగులు దెబ్బకే యీ కోత పడును. రేకు భాగములకు బండి వయస్సును బట్టి కోత. మూడేండ్లు దాటి నాలుగేండ్లలోపు బండికి నూటికి 25 వంతులు, ఐదేండ్లు దాటి పదేండ్లలోపు దానికి 40 వంతులు. రంగువేయు కూలికి గాక రంగు సామగ్రికి మాత్రము సగము కోత. అద్దములకు మాత్రము కోత లేదు.

ఇక నష్టపోవునది బోనసు. ఒక యేడు క్లెయిము చేయనివారికి మరుసటి యేటి ప్రీమియములో నూటికి 20, వరుసగ రెండేండ్లకు 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, ఐదేండ్లకు 50 వంతులు తగ్గింతురు. ఈ తగ్గింపు సొంత నష్టపు భాగమునకే వర్తించును. ఒక్క క్లెయిముతో మెట్లన్నియు దిగి మరల నేలనుండి యెక్కవలయును. ఈ బోనసు కారుది గాదు, యజమానిది. కారు మార్చినను క్రొత్త కారునకు దీసికొనిపోవచ్చును. పాలసీ గడువు ముగిసిన పిదప 90 దినములలో తిరిగి కట్టనిచో మాత్రమిది పోవును.

ఒక దృష్టాంతము తీసికొందము. మూడున్నరేండ్ల బండి, ఇంజను 1200 సీసీ, ఇంతవఱకు క్లెయిము లేదు. బోనసు తీయకముందు సొంత నష్టపు ప్రీమియము ఏటికి రూ. 10,000లని లెక్క సులువగుటకై యనుకొందము. బంపరు పగిలినది, ప్రక్కన గీత పడినది. షెడ్డువాని యంచనాలో బంపరునకు 4,000, రంగునకు 4,000, కూలికి 1,500, వెరసి రూ. 9,500లు. కంపెనీవారు బంపరునకు 2,000 ఇత్తురు. రంగు ఖర్చులో నాలుగవ వంతు సామగ్రి క్రింద లెక్కించి, అందు సగము తీసి 3,500 ఇత్తురు. కూలి 1,500. మొత్తము 7,000, అందు తప్పనిసరి వేయి తీసివేయగా మన చేతికి వచ్చునది రూ. 6,000లు.

క్లెయిము చేయకున్నచో వచ్చు నేడు 45 వంతులు, ఆ పిదప నేటేట 50 వంతులు బోనసు రావలసియున్నది. చేసినచో మొదట సున్న, ఆ పిదప వరుసగ 20, 25, 35, 45. ప్రీమియ మట్లేయుండు ననుకొన్నచో, మొదటి యేడు 4,500, రెండవ యేడు 3,000, మూడవ యేడు 2,500, నాలుగవ యేడు 1,500, ఐదవ యేడు 500 అధికముగ గట్టవలయును. వెరసి రూ. 12,000లు. ఆరువేలకై పండ్రెండు వేలు! గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

అయితే ఐదేండ్లలో మరియొక పెద్ద ప్రమాదము రాదని యెవరు చెప్పగలరు? వచ్చి క్లెయిము చేసినచో, దాచుకొన్న బోనసు అప్పుడెట్లును పోవును. కావున మేమొక సూత్రము సూచించుచున్నాము. కంపెనీవారిచ్చు సొమ్ము మొదటి రెండేండ్ల బోనసు నష్టమునకు మించకున్న నడుగవలదు. ఐదేండ్ల నష్టమును మించినచో తప్పక యడుగుడు. నడుమ నున్నచో మీరు కారు నడుపు తీరును, మీ వీధి యిరుకును చూచి నిర్ణయించుకొనుడు. పై దృష్టాంతములో రెండేండ్ల నష్టము 7,500, వచ్చునది 6,000, కావున అడుగరాదు.

అదే బిల్లు మొదటి యేటి క్రొత్త కారునకు వచ్చినచో ఫలితము మారును. అచ్చట కోల్పోవు మెట్టు చిన్నది. అదే ప్రీమియముపై ఐదేండ్లలో పోవునది మొత్తము రూ. 5,000లే గావున అడుగుటయే మేలు. ఆ సంవత్సరమే యొక క్లెయిము చేసియున్నచో బోనసు మునుపే పోయినది. రెండవ దానికి ఆ భయము లేదు. అదనపు సొమ్ము కట్టి కోతలేని పాలసీ తీసికొన్నవారికి మన దృష్టాంతములో 8,500 వచ్చును. బోనసు రక్షణ తీసికొన్నవారికి బోనసు నిలుచును. ఈ రెంటికిని పాలసీలో పరిమితులు వ్రాసియుందురు, చదువుకొనవలయును. అన్నింటికంటె ముఖ్యము క్రమము: తొలుత అంచనా, పిదప నిర్ణయము, ఆ పిదపనే మరమ్మతు. సర్వేయరు చూడకముందే బాగుచేయించి, తరువాత సొమ్మడిగిన రాదు.

పెద్ద నష్టమునకు మొగమాటము వలదు. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడలోను ఎన్ని కార్లు నీట మునిగెనో మీరెఱుగుదురు. అట్టి దినమునకే భీమా. నీట మునిగిన కారును మాత్రము స్టార్టు చేయరాదు. ఇంజను నీరు పీల్చి చెడినచో, దానికై ప్రత్యేక రక్షణ తీసికొననివారికి కంపెనీలు సామాన్యముగ ఆ సొమ్మీయవు.

లెక్కకు లొంగని సంగతి యొకటి కలదు. మన కారువలన మనుష్యునకు దెబ్బ తగిలినచో, బోనసు మాట తలపరాదు. నలుగురి నడుమ నాలుగు నోట్లు చేతబెట్టి పంపివేయుట ధర్మము గాదు, క్షేమమును గాదు. గాయపడినవానికి వైద్యము చేయించుట, పోలీసువారికి 24 గంటలలోపల తెలుపుట, భీమా కంపెనీకి వ్రాయుట 134వ సెక్షను విధించిన కర్తవ్యములు. ఆ రాత్రి చిన్నదిగ దోచిన దెబ్బ మరునాడు ఎముక విరుగుడుగ తేలవచ్చును. అప్పు డా కూలివాని కుటుంబమునకు న్యాయము జరుగవలెనన్న ఈ కాగితములే యాధారము.

మరియొక మాట. సర్వేయరు వచ్చుచున్నాడు గదాయని పాత గీతలను క్రొత్త దెబ్బలో గలుపుటయు, కంపెనీ మార్చునపుడు వెనుకటి క్లెయిమును దాచి బోనసు వ్రాయించుకొనుటయు నేర్పరితనముగ జెప్పుకొనువారు కలరు. తప్పుడు ప్రకటన చేసినవాని కారు రేపు నిజముగ నుగ్గయిననాడు, ఆ పాలసీ క్రింద సొంత నష్టమునకు సొమ్ము రాకపోవచ్చును. అంతకుమించి యోచింపవలసిన దొకటి గలదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. అనేకుల చిన్న సొమ్ములను గూర్చి ఆపదలోనున్న యొకని నాదుకొనుటయే భీమా. మన సంఘపు విద్యానిధియు నట్టిదే. నిధి పెట్టెలో చేయిపెట్టువానిని మనము సహింపము. ఆ పెట్టె కంపెనీది యైనంతమాత్రమున ధర్మము మారదు.

కావున సభవారికి మా విన్నపములు రెండు. ప్రతి కుటుంబమును ఒక యేటి సొంత నష్టపు ప్రీమియమునకు సమానమగు సొమ్మును చిన్న మరమ్మతులకై వేరుగ నుంచుకొనవలయును. చేత డబ్బులేకయే పలువురు నష్టపు క్లెయిములు చేయుచున్నారు. లెక్కలు తెలిసిన మన యువకులు తమ వీధిలోని పెద్దలకు పాలసీ చదివి వినిపింపవలయును. వసతిగృహపు నిధికి సాయమడిగిన పెద్దల మాటకు మా మాట వెనుకబడినది గాదు. కంపెనీకి పోవు రూపాయి మిగిలిననే గదా నిధికి రూపాయి చేరును.