శత్రువు ఇంటి శోకం



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీతో ఒక నాటకం గురించి మాట్లాడాలని వచ్చాను. పేరు ‘పర్షియన్లు’, రాసినవాడు ఎస్కిలస్. క్రీ.పూ. 472లో ఏథెన్స్‌లో, డయొనీసస్ ఉత్సవాల్లో ఆడారు. పూర్తిగా మనదాకా వచ్చిన గ్రీకు విషాద నాటకాల్లో అన్నిటికన్నా పాతది ఇదే.

అంతకు ఎనిమిదేళ్ల ముందు పర్షియా చక్రవర్తి జెర్క్సీస్ సేనలు ఏథెన్స్‌ను తగలబెట్టాయి. జనం పిల్లాపాపలతో ఊరు విడిచి ఓడలెక్కారు. ఆ వెంటనే సలామిస్ జలసంధిలో గ్రీకు నౌకలు పర్షియా నౌకాబలాన్ని చిత్తు చేశాయి. నాటకం ఆడేనాటికి అక్రోపొలిస్ మీద కూలిన గుళ్లను ఇంకా తిరిగి కట్టనే లేదు.

ఎస్కిలస్ కూడా పర్షియన్లతో పోరాడినవాడే. క్రీ.పూ. 490లో మారథాన్ యుద్ధంలో ఉన్నాడు. అక్కడే అతని తోబుట్టువు కైనెగైరస్ శత్రువుల ఓడను పట్టుకోబోయి, గొడ్డలివేటుకు చెయ్యి తెగి చనిపోయాడని హెరోడోటస్ రాశాడు.

అలాంటి మనిషి తన కథను ఎక్కడ నడిపాడు? పర్షియా రాజధాని సూసాలో, ఓడిన రాజు ఇంట్లో! కబురు కోసం కాచుకున్న వృద్ధ మంత్రులు, పీడకలలతో నిద్రలేని రాజమాత. దూత వచ్చి చనిపోయిన పర్షియా సేనానుల పేర్లు వరుసగా చెబుతాడు. గెలిచిన గ్రీకుల్లో మాత్రం ఒక్కరి పేరూ నాటకంలో వినిపించదు, సలామిస్ వ్యూహం పన్నిన థెమిస్టోక్లీస్ పేరు సహా. నీళ్లలో కొట్టుకుంటున్నవాళ్లను గ్రీకులు విరిగిన తెడ్లతో, వలలో పడ్డ ట్యూనా చేపల్ని బాదినట్టు బాదారంటాడు దూత. ఆ తెడ్లు వేసినవాళ్లు ఎందరో ఎదురుగా కూర్చుని ఆ మాట విన్నారు. ఎన్నిసార్లు చదివినా నేను అక్కడ ఆగిపోతాను.

ఇది విజయోత్సవ నాటకమేనని వాదించే పండితులున్నారు. గెలిచిన గర్వం అందులో ఉంది, కాదనను. కానీ దూత కబురు నాటకం సగానికే అయిపోతుంది. జెర్క్సీస్ తండ్రి డేరియస్ ఆత్మ సమాధిలోంచి లేచి కొడుకు పొగరును నిందించడం, చినిగిన బట్టలతో జెర్క్సీస్ తిరిగిరావడం, తుదిదాకా ఆగని రోదన... మిగతా సగమంతా ఓడినవాళ్ల దుఃఖమే. ఉత్త గర్వానికి ఇంత ఏడుపు అక్కర్లేదు.

అంతకుముందు ఫ్రినిఖస్ అనే కవి, ఏథెన్స్‌కు సోదర నగరమైన మిలేటస్ పర్షియన్ల చేతిలో పతనమైన వైనాన్ని నాటకం కడితే, తమవాళ్ల కష్టం గుర్తుచేశాడని ఇదే ఏథెన్స్ వెయ్యి డ్రాక్మాల జరిమానా వేసింది. శత్రువుల శోకం చూపిన ‘పర్షియన్లు’కు మాత్రం మొదటి బహుమతి ఇచ్చింది. ప్రదర్శన ఖర్చు పెట్టుకున్నది, అప్పటికి ఇరవైల్లో ఉన్న పెరిక్లీస్. దాదాపు మీ ఈడువాడే.

వెయ్యి పంక్తులు కాస్త దాటే నాటకం, ఒక్క సాయంత్రం చాలు, చదవండి. మీలో కొందరు పత్రికల్లోకి వెళతారు, కొందరు చరిత్ర రాస్తారు, కొందరు అధికారులై నివేదికలు రాస్తారు. ఏ పోరాటం గురించి రాయాల్సివచ్చినా, అవతలి పక్షాన పోయినవాళ్ల పేర్లు కూడా కనుక్కుని రాయమని మిమ్మల్ని కోరుతున్నాను.