మెట్ల మీద జడలు

శాలువా వద్దని ఫోన్లోనే చెప్పాను, అయినా కప్పారు. ఈ ఎండల్లో కూడా రిటైరైనవాళ్ళకు ఇది తప్పదు. పరిచయంలో మేడంగారు నా ఘనతలని చదివినవాటిలో సగం మా పిల్లలవి. సరే, కానివ్వండి.

హౌస్ టీచర్లు, వార్డెన్లు, స్టాఫ్ నర్సులు కూర్చున్న ఈ సభలో మాట్లాడమని నాకు మూడు అంశాలు ఇచ్చారు. క్రమశిక్షణ, పోషకాహారం, మానసిక ఆరోగ్యం. ఒక్కోదానికి పది నిమిషాలట. వరసగానే వస్తాను. ముందు మన బడుల కథ నాలుగు మాటల్లో.

1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేలులో గురుకులం మొదలైంది. అది మగపిల్లల బడి. ఆడవాళ్ళకు నీడ ఇచ్చి చదువు చెప్పే పని మనవాళ్ళు అంతకు చాలా ముందే మొదలుపెట్టారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో శారదా నికేతనం పెట్టారు. 2004లో బడి మానేసిన ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. ఇదంతా మీకు తెలిసిందే. ఇన్ని జీవోలు వచ్చాయి, ఇన్ని రిజిస్టర్లు వచ్చాయి, వాటిలో దేనిలోనూ నాకు కనపడని పని ఒకటుంది. ఆదివారం పిల్లల తలలు దువ్వడం.

వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి. ఆ కూలరు మాత్రం కాస్త ఆపండమ్మా, నా మాట నాకే వినపడటం లేదు.

ఐదో తరగతిలో చేరిన పిల్ల ట్రంకు పెట్టె, బకెట్టు, మగ్గు పట్టుకుని వస్తుంది. చదవడం వచ్చు, లెక్కలు వచ్చు. జడ వేసుకోవడం రాదు. అప్పటిదాకా అమ్మో నాయనమ్మో వేశారు. ఇక్కడేమో ఎనిమిది కల్లా రెండు జడలు మడిచి కట్టి, రిబ్బన్లతో ప్రేయరుకు రావాలి. అందుకని మా హాస్టల్లో ఆదివారం పొద్దున తలస్నానాలయ్యాక పిల్లలంతా డార్మెటరీ మెట్ల మీద కూర్చునేవాళ్ళు. పై మెట్టు మీద ఇంటర్ పిల్ల, కింద తొమ్మిది, ఆ కింద ఏడు, అందరికంటే కింద ఐదో తరగతి. ఒకరి తల ఒకరి చేతిలో, రైలు పెట్టెల్లా. పారాచూట్ నూనె సీసా పైనుంచి కిందికి వచ్చేసరికి అడుగంటేది. పేల దువ్వెన మాత్రం ఎవరిది వాళ్ళకే. ఒకరిది ఇంకొకరు వాడితే హాస్టలంతా పేలే.

పేలంటే గుర్తొచ్చింది, స్టాఫ్ నర్సులు వినండి. మందు ఒకసారి రాసి ఊరుకుంటే లాభం లేదు. ఈపులు పొదగడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి రెండోసారి రాయాల్సిందే. ఇంటి దగ్గర్నుంచి కొందరు సీతాఫలం గింజల పొడి పొట్లం కట్టి పంపిస్తారు. అది తీసి దాచెయ్యండి, కంట్లో పడిందంటే చూపుకే ముప్పు.

అసలు విషయానికి వస్తాను. మీ ఆఫీసు గదిలో ఎదురుగా నిలబెట్టి "ఏమైందమ్మా" అంటే ఏ పిల్లయినా "ఏం లేదు మేడం" అంటుంది. అదే పిల్ల మెట్టు మీద కూర్చుని తల వెనక్కి ఇచ్చినప్పుడు అడగకపోయినా చెబుతుంది. ఎదురుగా మొహం ఉండదు. తల మీద చెయ్యి ఉంటుంది. కడుపునొప్పి సంగతి, నెలసరి మొదలైన సంగతి, ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్న సంగతి నాకు మొదట తెలిసింది ఆ మెట్ల మీది నుంచే.

తండా నుంచి వచ్చిన పిల్ల ఒకతి, దసరా సెలవుల తర్వాత అన్నం మానేసింది. జ్వరం లేదు. నర్సు చూసింది, డాక్టరుకు చూపించాం, ఏమీ లేదన్నారు. బెంగ అనుకున్నాం. అందరికీ ఉండేదే కదా. ఆదివారం ఆ పిల్లకు జడ వేస్తున్న ఏడో తరగతి పిల్ల సగంలో వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "మేడం, వాళ్ళ తమ్ముడు దీని జడ పట్టుకునే నిద్రపోతడంట. ఇప్పుడెట్ల పండుకుంటున్నడో అని దీని రంది" అంది. ఇది ఏ ఫారంలో ఏ గడిలో రాస్తారు? వెంటనే ఫోన్ కలిపించాం. అప్పట్లో తండాలో ఒక్క కిరాణా కొట్లోనే ఫోను. తల్లి వచ్చి, "వాడికేమైంది, అవ్వ కొంగు పట్టుకుని మంచిగ పంటుండు" అంది. పిల్ల నిమ్మళపడుతుందనుకున్నాను. భగ్గున మండిపడింది. "నాలుగు రోజులకే మరిచిపోయిండా!" అని ఆ కోపంలో మెస్సుకు వెళ్ళి రెండుసార్లు పెట్టించుకుని తింది.

ఇప్పుడు మెట్ల మీద ఎవరున్నారు? ఆదివారం పొద్దున కూడా స్టడీ అవర్ పెట్టారు. హౌస్ టీచరు ఉప్మా ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి, హాజరు ఫొటో పెట్టాలి, మొక్కకు నీళ్ళు పోస్తున్న ఫొటో పెట్టాలి. మొహం చూసి హాజరు వేసే యంత్రాలు వచ్చాయి. పిల్ల ఉందని ఆ యంత్రం చెబుతుంది, తిన్నదో లేదో చెప్పదు. 2019లో ఒక హాస్టల్లో నీళ్ళు చాలవని పిల్లల జుట్టే కత్తిరించారని పేపర్లో చదివాను. ట్యాంకరు తెప్పించడం కన్నా కత్తెర చవక అనుకున్నారు కాబోలు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

చీటీ అందింది, టైము అవుతోందట. పోషకాహారం గురించి గబగబా. తెలంగాణలో 2024లో డైట్ చార్జీలు పెంచారు, ఎనిమిది నుంచి పది తరగతులకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. సంతోషం. అంతకన్నా నాకు సంతోషం, అదే తరగతుల ఆడపిల్లల కాస్మెటిక్ చార్జీలు 75 రూపాయల నుంచి 275 కావడం. నూనె, సబ్బు, రిబ్బను, శానిటరీ ప్యాడ్లు అన్నీ 75 రూపాయల్లో సర్దమన్నవాళ్ళు ఆ డబ్బుతో బజారుకు వెళ్ళారో లేదో నాకు అనుమానమే.

ఎవరో పూర్ణ సంగతి చెప్పమంటున్నారు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే మన గురుకులం పిల్ల ఎవరెస్టు ఎక్కింది. చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అప్పట్నుంచి ప్రతి సభలోనూ ఎవరెస్టే. రెండో అంతస్తు మెట్లెక్కడానికి ఆయాసపడే రక్తహీనత పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళ పేరు ఏ వేదిక మీదా వినపడదు. ఐరన్ మాత్ర మింగిందో, కిటికీలోంచి పారేసిందో చూడండి. అదీ చూడాల్సింది హౌస్ టీచరే.

క్రమశిక్షణ మిగిలిపోయింది. దాన్ని బెల్లు చూసుకుంటుంది. ఇంతసేపూ మెట్ల గురించి చెప్పిందే మానసిక ఆరోగ్యం. డైరెక్టరుగారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక్క మాట అడుగుతాను. ఆదివారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా టైం టేబుల్లో ఏమీ రాయకండి సార్, ఆ గడి ఖాళీగా ఉంచండి. పిల్లకొక పేల దువ్వెన ఇప్పించండి, ఇండెంటు నేనే రాసి తెచ్చాను.

మూడు అంశాల మీదా పూర్తి కాగితం టైపు చేయించాను. జిరాక్సులు భోజనాల హాలు దగ్గర బల్ల మీద ఉన్నాయి. తలా ఒకటి తీసుకోండి.